క్లాసులో మీరు తక్కువ మాట్లాడండి

(జాతీయ సేవా పథకం, అంటే ఎన్.ఎస్.ఎస్. దినోత్సవం నాడు కావలిలోని ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగం ఇది. పల్లెటూరి బడి పిల్లలకు ఆన్‌లైన్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పడానికి పేర్లిచ్చిన విద్యార్థులతో ఉదయగిరి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసే ఇంగ్లీష్ టీచరు ఒకరు మాట్లాడారు. ఆమె మాటల్ని దాదాపుగా అలాగే ఉంచాం.)

ప్రిన్సిపాల్ గారికి, ప్రోగ్రామ్ ఆఫీసర్ గారికి, స్టాఫ్ అందరికీ నమస్కారం. పిల్లలూ, మీకూ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడతా ఉందా? సరే.

తిక్కన గారు భారతం రాసిన సీమలో నిలబడి ఇంగ్లీష్ గురించి మాట్లాడమన్నారు నన్ను. ఆయనేమీ అనుకోరులెండి. ఉభయకవిమిత్రుడని పేరు తెచ్చుకున్న మనిషి, రెండు భాషల్తో ఆయనకు పేచీ లేదు.

పొద్దుటి నుంచి మీకు సేవ గురించి చాలామంది చెప్పే ఉంటారు. ఎన్.ఎస్.ఎస్. 1969 సెప్టెంబరు 24న, గాంధీగారి శతజయంతి ఏడాదిలో మొదలైందని కూడా చెప్పే ఉంటారు. నేను వాటి జోలికి పోను. ఒక లెక్క చెప్తాను. కామర్స్ వాళ్లు ఉన్నారుగా, తప్పయితే సరిచేయండి.

మీరు జూమ్‌లో క్లాసు పెడతారు. డబ్బు కట్టకపోతే అది నలభై నిమిషాలకు ఆగిపోతుంది. మా సెక్షన్‌లో నలభై మంది పిలకాయలు ఉన్నారనుకోండి. "అన్నా, వినపడట్లేదు", "మైకు ఆపు నాయనా, మీ ఇంట్లో మిక్సీ తిరుగుతోంది" వీటికి ఐదు నిమిషాలు పోతాయి. మీరు ఇరవై నిమిషాలు పాఠం చెప్తారు. ఇక పదిహేను నిమిషాలు మిగిలాయి. నలభై మందికి పంచితే ఒక్కొక్కరికి ఇరవై రెండు సెకన్లు వస్తుంది. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు అని పేరు పెట్టి, ఆ బిడ్డకు నోరు తెరవడానికి ఇచ్చింది ఇరవై రెండు సెకన్లు. అది కూడా అందరూ తలా కొంచెం మాట్లాడితే. నిజంగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముందు బెంచీ పిల్లలు ముగ్గురు పదిహేను నిమిషాలూ వాళ్లే మాట్లాడేస్తారు. వాళ్లు మీరు రాకపోయినా నేర్చుకునేవాళ్లే.

ఇప్పుడు నలుగురినే తీసుకోండి. అరగంట క్లాసు. మీరు పది నిమిషాలు మాట్లాడినా ఒక్కొక్క బిడ్డకు ఐదు నిమిషాలు దక్కుతుంది. వారానికి మూడు రోజులైతే పదిహేను నిమిషాలు. అంత సమయం నలభై మంది క్లాసులో దొరకాలంటే నలభై క్లాసులు జరగాలి. అంటే మూడు నెలల పైమాటే.

అందుకని మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ గారిని నేను అడిగింది ఒకటే. ఒక్కో వాలంటీరుకు నలుగురు పిల్లలు. ఐదుగురన్నా నేను ఒప్పుకోలేదు. "మేడమ్, రిపోర్టులో సంఖ్య తగ్గుతుందే" అని నవ్వారాయన. తగ్గనివ్వండి. మీరు వంద మంది నిలబడితే నాలుగు వందల మంది పిల్లలవుతారు, అదేమీ చిన్న సంఖ్య కాదు. పెద్ద హాల్లో రెండొందల మంది పిల్లల్ని తెర ముందు కూర్చోబెడితే ఫోటో బాగా వస్తుంది, అంతే.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని నేను అనను. 2019 నవంబరులో బడులన్నీ ఇంగ్లీష్ మీడియం చేస్తామని జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గొడవ ఈ హాల్లో తేలేది కాదు, వదిలేద్దాం. ఆ ఏడాది నుంచే ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. నాకు అవి ఇష్టం, ఎందుకో తర్వాత చెప్తాను. కరోనాలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. గోడకు పెద్ద టచ్ ప్యానెళ్లు బిగించారు. 2023-24లో టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్షకు శిక్షణ అన్నారు. వీటన్నిటిలోనూ ఇంగ్లీష్ బిడ్డ వైపు వచ్చింది. బిడ్డ నోటి నుంచి వచ్చే ఇంగ్లీష్‌ను కూర్చుని వినడానికి మాత్రం మనిషి లేడు. నాకు రోజుకు ఆరు పీరియడ్లు, ఒక్కో దాంట్లో నలభై మంది. నేనూ వినలేను. మిమ్మల్ని పిలిచింది ఆ పనికి. టీచరు పని మాకు వదిలేయండి, దానికి మేం జీతం తీసుకుంటున్నాం.

ఇలాంటి పని ఇదివరకు జరిగింది. 2009లో సుగతా మిత్రా అనే ప్రొఫెసర్ బ్రిటన్‌లో ఉన్న రిటైరైన టీచర్లను, మన అమ్మమ్మల వయసు వాళ్లను, స్కైప్‌లో మన దేశపు పిల్లలతో కలిపారు. దానికి గ్రానీ క్లౌడ్ అని పేరొచ్చింది. పాఠం చెప్పడం వాళ్ల పని కాదు. కబుర్లు చెప్పడం, పిల్లలు చెప్పింది విని "అబ్బో, ఇది నీకెలా తెలిసింది?" అని ఆశ్చర్యపోవడం వాళ్ల పని. మన ఇళ్లలో అవ్వలు మనవళ్లతో చేసేది అదే కదా. మీకు అవ్వల వయసు లేదు గానీ, అక్కా అన్నల వయసు ఉంది. మా పిల్లలు మిమ్మల్ని సార్, మేడమ్ అంటే వద్దనండి. అక్కా, అన్నా అని పిలవనివ్వండి. సార్ అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే చాలు, బిడ్డ లేచి నిలబడి చేతులు కట్టుకుంటుంది. ఫోన్లో కూడా!

మా పిల్లలకు ఇంగ్లీష్ రాదని మీరు అనుకుని వస్తారు. ఎంత రాదో, ఎంత వచ్చో కొంచెం చెప్పనివ్వండి.

పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే ఉంది, 2022లో దాని ప్రకారం దేశంలో పల్లెటూరి ఐదో తరగతి పిల్లల్లో ఇంగ్లీష్‌లో చిన్న వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. 2016లో 24.7. ఆరేళ్లలో అక్కడే ఉన్నాం. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి 46.7 శాతం, అంటే అప్పటికీ సగం మంది చదవలేకపోతున్నారు. ఇది మీకెందుకు చెప్తున్నానంటే, మీరు ఎంతో కష్టపడి రంగురంగుల పీపీటీ చేసుకుని స్క్రీన్ షేర్ చేస్తారు. మీ నలుగురిలో ఇద్దరు దాన్ని చదవలేరు. చదవలేనని చెప్పరు కూడా. "అక్కా, నెట్ పోయింది" అంటారు. మీరు నిజంగానే సిగ్నల్ లేదనుకుంటారు. కాబట్టి పీపీటీలు వద్దు. చెవి, నోరు, ఈ రెండే చాలు.

ఇక వాళ్లకు వచ్చింది. మా ఆరో తరగతిలో అందరికంటే వెనకపడ్డ పిల్లవాడు కూడా గుమ్మం దగ్గర నిలబడి "మే ఐ కమిన్ మేడమ్" అంటాడు. "మే ఐ గో టు టాయిలెట్ మేడమ్" అంటాడు. చక్కటి ప్రశ్న అది, ఎక్కడా తడబడడు. ఆ 'మే' ఏమిటో, క్రియ ఎటు పోయిందో వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట అంటే తలుపు తెరుచుకుంటుందని వాడికి తెలుసు, అందుకే వచ్చింది. అదే పిల్లవాడిని పరిచయం చేసుకోమనండి. "మై నేమ్ ఈజ్, మై ఫాదర్ నేమ్ ఈజ్, మై విలేజ్ నేమ్ ఈజ్" అని కళ్లు మూసుకుని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్తాడు. సుమతీ శతకం కూడా అలాగే అప్పజెప్తాడు. మధ్యలో ఆపి "వాట్ డిడ్ యూ ఈట్ టుడే" అనండి. బొమ్మలా నిలబడిపోతాడు. ఎందుకంటే ఆ పరిచయం ఎవరికీ చెప్పింది కాదు. వాడి పేరు నాకు తెలుసు, వాళ్ల నాన్న పేరు తెలుసు, ఊరూ తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ అడిగితే వాడు అప్పజెప్పక ఏం చేస్తాడు? మీకు మాత్రం నిజంగా తెలియదు. మీరు కావలిలోనో ఒంగోల్లోనో హాస్టల్ గదిలో ఉంటారు, వాడు వరికుంటపాడు దగ్గర మిద్దె మీద ఉంటాడు. మీరడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు వాడి దగ్గరే ఉంది. ఆన్‌లైన్ అంటే అందరూ లోపాలే చెప్తారు గానీ, ఈ సుగుణం బడిలో నాకు లేదు.

కాబట్టి మీకు తెలియని విషయాలే అడగండి. మా ప్రాంతంలో పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు, ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇంటి పిల్లల నోట్లో బ్యారన్, క్యూరింగ్, గ్రేడ్, బేలు, లాటు, ఆక్షన్, రేటు అన్నీ ఉంటాయి. సముద్రం వైపు అల్లూరు, విడవలూరు పిల్లల్ని అడగండి, రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్, ఫీడ్, సీడ్, కౌంట్, ఐస్ బాక్స్. చీమకుర్తి పిల్లలైతే క్వారీ, బ్లాస్టింగ్, బ్లాక్, స్లాబ్, పాలిష్. ఈ మాటలు వాళ్లు పుస్తకంలో చదవలేదు. ఇంట్లో అన్నం తింటా విన్నారు. మీలో ఎంతమందికి యాభై కౌంట్ రొయ్యకూ వంద కౌంట్ రొయ్యకూ తేడా తెలుసు? చేతులెత్తండి. చూశారా, నలుగురు. మా ఏడో తరగతి అమ్మాయి చెప్తుంది మీకు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంట్. కౌంట్ తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఆ విషయం ఆ పిల్ల ఇంగ్లీష్‌లో మీకు వివరించాలంటే పెద్ద కష్టం లేదు. మాటలు సగం ఉన్నాయి. 'స్మాల్', 'బిగ్', 'మోర్', 'లెస్' కలిపితే పని జరిగిపోతుంది. "ఫిఫ్టీ కౌంట్ బిగ్ అక్కా. హండ్రెడ్ కౌంట్ స్మాల్. స్మాల్ మీన్స్ రేటు లెస్." దీంట్లో వ్యాకరణం లేదని నన్ను అడగొద్దు. అర్థమైందా లేదా? అది మొదటి నెల ఇంగ్లీష్. ఆపిల్ గురించి, లండన్ వంతెన గురించి ఏం చెప్తుందా పిల్ల? ఎప్పుడైనా చూసిందా?

ద్విభాషా పుస్తకాలు నాకెందుకు ఇష్టమో ఇక్కడ చెప్పాలి. బిడ్డను ముందు తెలుగు పేజీ చదువుకోమనండి. కథ తలకెక్కాక, ఇంగ్లీష్‌లో నాకు చెప్పు అనండి. కథ తెలిసి ఉంటే మాట వెతుక్కునే ఓపిక ఉంటుంది. కథా తెలియక, మాటా తెలియక ఉంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. క్లాసులో తెలుగు రాకూడదని రూలు పెట్టే ప్రైవేటు బడులను చూసి మీరూ అలా పెట్టొద్దు. అర్థం కాకపోతే తెలుగులో చెప్పండి, మళ్లీ ఇంగ్లీష్‌లోకి రండి.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. ప్రశ్న అడిగాక ఆగడం.

మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకావిడ, 1970ల్లో, క్లాసుల్ని టేపు రికార్డు చేసి చూశారు. టీచరు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను అని తేలింది. ఆ తర్వాత టీచరే జవాబు చెప్పేయడమో, ఇంకో బిడ్డను అడగడమో, ప్రశ్న మార్చడమో చేస్తున్నారు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరెత్తనివాళ్లు కూడా మాట్లాడారు. అది వాళ్ల సొంత భాషలో జరిగే క్లాసుల సంగతి. మన బిడ్డ మీ ఇంగ్లీష్ విని, తెలుగులో అర్థం చేసుకుని, జవాబు తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లీష్‌లోకి తెచ్చుకోవాలి. దానికి తోడు ఫోన్లో మాట చేరడానికే ఒక క్షణం పడుతుంది. మూడు ఏం సరిపోతాయి? పది అంకెలు లెక్కపెట్టండి. మనసులో, బయటకు కాదు. ఇప్పుడు ఒకసారి చేద్దాం, నేను ఆగుతాను, మీరు లెక్కపెట్టండి.

(కొంతసేపు నిశ్శబ్దం. వెనక నవ్వులు.)

చూశారా, ఎంత ఇబ్బందిగా ఉందో. నవ్వొస్తుంది. ఏదో ఒకటి మాట్లాడి ఆ ఖాళీ పూడ్చాలనిపిస్తుంది. పూడ్చారో, ఆ బిడ్డ నోటి దాకా వచ్చిన మాటను మీరు మింగేసినట్టే. ఏడు దగ్గర మీరు మాట్లాడితే, ఎనిమిది దగ్గర చెప్పాల్సిన పిల్లవాడు రేపటి నుంచి ఆలోచించడం మానేస్తాడు. అక్క ఎలాగూ చెప్పేస్తుందిలే అని వాడికి తెలిసిపోయింది.

తప్పు చెప్తే ఏం చేయాలి? "నో, రాంగ్, ఇట్స్ వెంట్" అని కోయకండి. బిడ్డ "యెస్టర్‌డే ఐ గో టు కందుకూరు" అంటే, మీరు "ఓహ్, యూ వెంట్ టు కందుకూరు! హూ వెంట్ విత్ యూ?" అనండి. సరైన మాట మీ ప్రశ్నలో కలిసి వాడి చెవిన పడుతుంది. సంభాషణ ఆగదు. వాడు వెంటనే 'వెంట్' అంటాడని ఆశపడొద్దు. "మై మదర్ గో" అంటాడు. అననివ్వండి. నెల పోయాక ఒకరోజు తనంతట తనే 'వెంట్' అంటాడు, అప్పుడు కూడా పెద్దగా పొగడొద్దు, తర్వాతి ప్రశ్న అడగండి.

అసలు నోరే తెరవని బిడ్డలుంటారు. వాళ్లను బలవంతం చేయొద్దు. జేమ్స్ ఆషర్ అనే ఆయన 1960ల్లో ఒక పద్ధతి పెట్టారు. మాట వినడం, ఒళ్లు కదిలించడం. "టచ్ యువర్ నోస్, ఓపెన్ ద డోర్, బ్రింగ్ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్" అంటూ పోవాలి, వాళ్లు చేస్తూ పోవాలి. మాట్లాడాల్సిన పనిలేదు. కొన్నాళ్లకు ఆర్డర్లు వేసే వంతు వాళ్లకు ఇవ్వండి. అక్కను లేపి, కూర్చోబెట్టి, గదంతా తిప్పే అవకాశం దొరికితే ఏ పిల్ల ఊరుకుంటుంది?

ఇక ఫోను. దీని గురించి మీకు తెలియాల్సింది చాలా ఉంది.

బిడ్డ దగ్గర ఫోన్ ఉండదు. నాన్న దగ్గర ఉంటుంది. నాన్న సాయంత్రం పని నుంచి రావాలి. అందుకని నాలుగున్నరకు క్లాసు పెడితే ఎవరూ రారు. ఏడు గంటలకు పెట్టండి. ఎనిమిదికి నాన్న ఫోన్ అడుగుతాడు, సీరియల్ టైముకు అమ్మ పిలుస్తుంది, ఈ మధ్యలో అరగంట మీది. ఇద్దరు పిల్లలు ఒకే ఫోన్ దగ్గర కూర్చుంటే మంచిదే, ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుంది. సిగ్నల్ బాగాలేని ఊళ్లలో వీడియో పట్టుకుని వేలాడకండి. వాట్సాప్ ఆడియో కాల్ చాలు. మొదటి రోజు మొహాలు చూసుకోండి, తర్వాత వీడియో ఆపేయండి. సిగ్గరి పిల్లలు మొహం కనపడనప్పుడే ఎక్కువ మాట్లాడతారు. ఇది నేను చూసిన సంగతి.

రీఛార్జ్ ఇరవై ఎనిమిది రోజులకు అయిపోతుంది. కూలి డబ్బులు వచ్చేదాకా మళ్లీ వేయించరు. ఆ నాలుగైదు రోజులు బిడ్డ మాయమవుతుంది. దానికి శ్రద్ధ లేదని మీ రిజిస్టర్‌లో రాయకండి. మిరపకాయల కోతలకు గుంటూరు వైపు కుటుంబం మొత్తం పోయిందనుకోండి, ఆ బిడ్డ బడికి కూడా రాదు. కానీ ఫోన్ వాళ్లతోనే పోతుంది! నాకు అందని బిడ్డ మీకు అందుతుంది. రాత్రి గుడారంలోంచి పది నిమిషాలు మాట్లాడితే, ఆ రోజు ఆ బిడ్డకు జరిగిన చదువు అదొక్కటే. కాబట్టి రానివాళ్ల పేరు కొట్టేసే ముందు నాకు ఫోన్ చేయండి.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. చాలా ఇళ్లలో ఆడపిల్ల చేతికి ఫోన్ ఇవ్వరు. ఎవరితోనో మాట్లాడుతోందని ఊళ్లో అంటారేమోనని భయం. ఆ భయాన్ని మనం ఎగతాళి చేసి లాభం లేదు. ఆడపిల్లల గ్రూపులకు అమ్మాయిలే వాలంటీర్లు. మొదటి కాల్ అమ్మతో మాట్లాడటానికి చేయండి. "అమ్మా, నేను ఫలానా కాలేజీ, మీ పాప బడి టీచర్ చెప్తే చేస్తున్నా, వారానికి మూడు రోజులు ఏడింటికి అరగంట, మీరు కూడా పక్కన కూర్చోండి" అనండి. స్పీకర్ ఆన్‌లో పెట్టించండి. వారం పోయాక ఆ అమ్మే "ఏందమ్మా, నిన్న ఫోన్ చెయ్యలేదే" అని అడుగుతుంది.

మిగతా రూల్స్ మీకు కాగితం మీద ఇచ్చారు, చదివి సంతకం పెట్టండి. ఒకటి రెండు మాత్రం నోటితో చెప్తాను. గ్రూపులో తల్లో తండ్రో, మా బడి టీచరో తప్పకుండా ఉంటారు. గ్రూపు బయట బిడ్డకు విడిగా మెసేజ్ పెట్టకూడదు, గుడ్ మార్నింగ్ కూడా. క్లాసు రికార్డు చేసి, ఆ పిల్లల మొహాలు మీ స్టేటస్‌లోనో ఇన్‌స్టాలోనో పెట్టకూడదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం లేకపోయినా చేయకూడని పని అది. ఇంట్లో ఏదో బాగాలేదని బిడ్డ మాటల్లో తెలిస్తే, మీరే పరిష్కరించడానికి పోకండి, నాకు చెప్పండి.

మీలో కొందరి మొహాల్లో ఒక ప్రశ్న కనపడుతోంది. "నాకే సరిగ్గా ఇంగ్లీష్ రాదు, నేనేం చెప్తాను?" మీలో ఎంతమంది తెలుగు మీడియం? చాలామందే ఉన్నారు. మంచిది. బెంగళూరు కార్పొరేట్ ఆఫీసులో గడగడా మాట్లాడే మనిషి కంటే మీరే మా పిల్లలకు పనికొస్తారు. నేనేదో ప్రోత్సాహానికి అంటున్న మాట కాదిది. మాట దొరక్క మీరు ఆగిపోతే, ఆగి, చుట్టూ తిప్పి వేరే మాటతో చెప్తే, బిడ్డ అది చూస్తుంది. మాట దొరక్కపోతే ఏం చేయాలో పుస్తకంలో ఉండదు. ఉచ్చారణ అనుమానమైతే ఫోన్లో డిక్షనరీ నొక్కి ఇద్దరూ కలిసి వినండి.

ఒంగోలు వాళ్లు ఉన్నారుగా, ప్రకాశం పంతులు గారి గురించి ఒక మాట. తుపాకీ ముందు రొమ్ము చూపిన కథ మనకు అందరూ చెప్తారు. నాకు దాని వెనకటి సంగతి ముఖ్యం. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి ఒంగోల్లో పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచింది. అలాంటి ఇంటి పిల్లవాడు ఇంగ్లండు పోయి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో వాదించి, 1921లో స్వరాజ్య అని ఇంగ్లీష్ దినపత్రిక పెట్టాడు. మధ్యలో ఎవరున్నారు? ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారని ఒంగోలు బడి టీచరు. తను రాజమండ్రి పోతూ ఈ పిల్లవాడిని వెంట తీసుకెళ్లి చదివించారు. మిమ్మల్ని ఎవరినీ వెంట తీసుకెళ్లమని నేను అడగడం లేదు. వారానికి మూడు అరగంటలు అడుగుతున్నా.

మీకు గంటలు కావాలని నాకు తెలుసు. ఎన్.ఎస్.ఎస్.కి ఏడాదికి 120 గంటలు, డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలు. సర్టిఫికెట్ కోసమే వచ్చినా నాకు అభ్యంతరం లేదు, వచ్చి చేస్తే చాలు. చిక్కు ఎక్కడంటే, ఆ ప్రాజెక్టు మీకు రెండో సెమిస్టర్ అయ్యాక వేసవిలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే మా బడులకూ సెలవులు. పిల్లలు అవ్వగారి ఊళ్లకు పోతారు, నంబర్లు మారతాయి. రోజుకు ఆరు గంటల చొప్పున నెలలో 180 గంటలు కొట్టేద్దామంటే స్పోకెన్ ఇంగ్లీష్‌కు కుదరదు, నోరు అంత త్వరగా తిరగదు. అందుకని సెప్టెంబరు నుంచి మార్చి దాకా, కొంచెం కొంచెం చేసే ఎన్.ఎస్.ఎస్. గంటల కిందే దీన్ని పెట్టమని అడిగాను. మీ సార్ ఒప్పుకున్నారు.

ఇంక మీరు అడగండి.

(ఒక విద్యార్థిని: "మేడమ్, నెల రోజుల తర్వాత వాళ్లు నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది? టెస్ట్ పెట్టాలా?")

టెస్ట్ పెట్టొద్దమ్మా. వాళ్లకు బడిలో పెట్టేవే చాలు. మొదటి వారంలో ఒక క్లాసు ఆడియో, తల్లిదండ్రుల్ని అడిగి, రికార్డు చేసి పెట్టుకో. నెలాఖరులో ఇంకొకటి. రెండింట్లో నువ్వు మాట్లాడిన నిమిషాలు, వాళ్లు మాట్లాడిన నిమిషాలు లెక్కపెట్టు. వాళ్ల నిమిషాలు పెరిగితే సరే. ఇంకొకటి కూడా చూడు, వాళ్లు నిన్ను ప్రశ్న అడుగుతున్నారా? "అక్కా, యూ ఈట్?" అని ఒక పిల్ల తిరిగి అడిగిందంటే, అది నాకు చాలా పెద్ద సంగతి. విన్నాక ఆ రికార్డింగులు తీసెయ్యి.

(ఒక విద్యార్థి: "మేడమ్, మా సెమిస్టర్ పరీక్షలప్పుడు ఏం చేయాలి?")

ఇది అడుగుతారనే చూస్తున్నా. మా పిల్లలకు ఇంతకుముందు కూడా ఎవరెవరో అన్నలు, అక్కలు వచ్చారు. పరీక్షలు రాగానే చెప్పకుండా మాయమయ్యారు. పిల్లలు ఏడింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, కాల్ రాదు. మర్నాడు బడికొచ్చి నన్ను అడుగుతారు. మీ పరీక్షలు మీకు ముఖ్యం, మానుకోమని నేను చెప్పను. కాకపోతే టైమ్‌టేబుల్ వచ్చిన రోజే పిల్లలకు చెప్పండి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నేను రాను అని. అది ఇంగ్లీష్‌లోనే చెప్పండి, వాళ్లకు భవిష్యత్ కాలం కూడా వచ్చేస్తుంది. ఇద్దరిద్దరు జంటగా ఉండండి, వేరే గ్రూపు సబ్జెక్టులవాళ్లతో. ఒకరికి పరీక్ష ఉన్న రోజు ఇంకొకరికి ఉండకపోవచ్చు, ఆ రోజు ఎనిమిది మందినీ వాళ్లే తీసుకుంటారు. ఇద్దరికీ కుదరకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ఏడింటికి ఆ కాల్ నేను చేస్తాను. జంటల లిస్టు ఈ సాయంత్రం మీ ప్రోగ్రామ్ ఆఫీసర్ గారికి ఇచ్చి పోండి. సోమవారం నుంచి మొదలుపెడదాం.